కొనకుండా కళ: తిరుపతిలో పాతసామానుతో బొమ్మల క్లాసు నడపడం ఎలా

ముందు ఒక షరతు పెట్టుకోండి. ఈ క్లాసు కోసం కొత్త సామాను కొనకూడదు.

బడిలో 'బెస్ట్ ఔట్ ఆఫ్ వేస్ట్' ప్రాజెక్టు ఇస్తే మన ఇళ్లల్లో ఏం జరుగుతుందో తెలిసిందే. రాత్రి తొమ్మిదింటికి నాన్న స్కూటర్ తీసి స్టేషనరీ అంగడికి పరిగెడతాడు. కొత్త ఐస్‌క్రీమ్ పుల్లల ప్యాకెట్టు, కొత్త పేపరు గ్లాసులు, ఫోమ్ షీట్లు, మెరుపుల డబ్బా వస్తాయి. బిడ్డ నిద్రపోతుంది, అమ్మ పదకొండు దాకా కూర్చుని అతికిస్తుంది. వారం తిరక్కుండానే అదంతా చెత్తబండి ఎక్కుతుంది. అట్టకు ఫోము, ఫోముకు మెరుపులు అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి దాన్ని పాతసామాను అంగడివాళ్లు కూడా తీసుకోరు. చెత్త తగ్గకపోగా ఇంకొంచెం పెరిగినట్టు.

కాబట్టి మీరు కొనేది అతికించడానికి, కట్టడానికి, రంగు వేయడానికి కావలసినవే. మైదా, మెంతులు, కరక్కాయ, పురికొస, సుద్దపొడి, ఒక డబ్బా ఫెవికాల్, నాలుగు రంగులు. మిగతాదంతా వీధి ఇస్తుంది.

సామాను పోగుచేయడం ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి

క్లాసులు వేసవి సెలవుల్లో పెట్టుకుంటే మంచిది. పిల్లలు ఖాళీగా ఉంటారు, ఎండ ఉంటుంది, మే నెలలో గంగమ్మ జాతర కూడా వస్తుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన దగ్గర కాగితపు గుజ్జు బొమ్మలు మొదలుపెట్టొద్దు. ఆరవు, బూజు పడతాయి. ఆ నెలల్లో అల్లికలు, బట్టపని పెట్టుకోండి.

కోడిగుడ్ల అట్టల కోసం హోల్‌సేల్ గుడ్ల అంగడికి వెళ్లండి. ముప్పై గుడ్లు పట్టే ఆ బూడిదరంగు అట్ట అసలే కాగితపు గుజ్జుతో చేసింది, కాబట్టి న్యూస్‌పేపర్ కన్నా తొందరగా నానుతుంది. విరిగినవీ, వంగినవీ అడిగితే ఊరికే ఇచ్చేస్తారు. గుడ్డు సొన అంటినవి మాత్రం తీసుకోవద్దు, వాసన వస్తుంది, క్రిములు కూడా ఉంటాయి. టైలర్ల దగ్గర బట్ట పీలికలు బస్తాలకొద్దీ ఉంటాయి. జాకెట్టు బట్టల పీలికల్లో దొరికే రంగులు ఏ రంగుల డబ్బాలోనూ దొరకవు. నగరి, పుత్తూరు వైపు మరమగ్గాలు ఉన్నాయి కదా, అక్కడ మీకు చుట్టాలుంటే నూలు అయిపోయిన అట్ట కోన్లు ఒక సంచి తెమ్మనండి. అవి ఎందుకో కింద చెబుతాను.

శుభలేఖలు ఏ ఇంట్లో అడిగినా ఒక కట్ట ఉంటుంది. అంత దళసరి కాగితాన్ని ఊరికే పారేయడానికి ఎవరికీ మనసొప్పదు, ఏం చేయాలో తెలియక అటకమీద పెడతారు. పాల ప్యాకెట్లు కావాలంటే అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఒక బకెట్ పెట్టి, 'కడిగి, ఆరబెట్టి వేయండి' అని రాసిపెట్టండి. కడగనివి కూడా వచ్చిపడతాయి, తప్పదు. తిరుమల కొండమీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్ల అమ్మకం ఆపేశారు గానీ, కింద ఊళ్లో మాత్రం బాటిళ్లకూ మూతలకూ కొరతేమీ లేదు.

మామిడి టెంకలు కూడా దాచండి. బెంగళూరా టెంకకు పీచు తక్కువ, బొమ్మకు పనికిరాదు. రసాల టెంక తీసుకుని, బ్రష్‌తో రుద్ది కడిగి, వారం ఎండబెట్టి, పీచును దువ్వెనతో దువ్వితే గడ్డమూ జుట్టూ ఉన్న ముఖం తయారుగా ఉంటుంది. కళ్లు పెట్టడమే మిగిలిన పని.

దేవుడి బొమ్మలున్న కాగితాల సంగతి

వేరే ఊళ్లో ఈ భాగం అవసరం పడకపోవచ్చు. తిరుపతిలో మాత్రం ముందే ఆలోచించుకోవాలి. ఇక్కడ పోగయ్యే కాగితంలో ప్రతి క్యాలెండర్ మీదా, ప్రతి శుభలేఖ మీదా, చివరికి బట్టల అంగడి సంచి మీద కూడా వెంకటేశ్వరస్వామో పద్మావతమ్మో ఉంటారు. పిల్లవాడు కత్తెరతో స్వామి బొమ్మను సగానికి కోస్తే ఆ పక్కనే కూర్చున్న అవ్వ ఊరుకోదు. ఊరుకోవాల్సిన అవసరం కూడా లేదు.

క్లాసుకు ముందురోజు మీరే కూర్చుని కాగితాలు వేరుచేయండి. దేవుడి బొమ్మలున్నవి ఒక పెట్టెలో, లేనివి ఇంకో పెట్టెలో. మొదటి పెట్టె పిల్లల చేతికి ఇవ్వొద్దు, నేలమీద పెట్టొద్దు. చాలామంది అలాంటి పటాలను ఏం చేయాలో తోచక రావిచెట్టు మొదట్లో పెట్టి వస్తారు. అవి వానకు తడిసి ఎలా అయిపోతాయో చూస్తూనే ఉంటాం.

దానికి బదులు అవ్వలతో, పెద్దపిల్లలతో ఒక పూట పటాలు కట్టించండి. బొమ్మను అంచుల దగ్గర శుభ్రంగా కత్తిరించి, బిస్కెట్ల పెట్టె అట్టమీద అతికించి, చుట్టూ జాకెట్టు పీలికలతో ఫ్రేము చేసి, ఎండిన పూలరేకులతో అంచు వేయాలి. పూలు ఎండబెట్టడం సులువే. చామంతి, బంతి, గులాబీ రేకులను పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచి, పైన బరువు పెట్టి, రెండురోజులకోసారి కాగితం మార్చాలి. వారం పదిరోజుల్లో తయారవుతాయి. కాగితం మార్చకపోతే రేకులు నల్లబడతాయి. టీటీడీ కూడా ఆలయాల్లో వాడిన పూలతో 2021 నుంచి అగరబత్తులు చేయిస్తోంది, ఎండు పూలతో స్వామి పటాలు తయారు చేయిస్తోంది. ఆ మాట చెబితే, 'దేవుడి కాగితాన్ని ముట్టుకోవచ్చా' అని సందేహపడే పెద్దవాళ్లు కూడా కాస్త నెమ్మదిస్తారు.

జిగురు, గుజ్జు

ఒక కప్పు మైదాను ఒక కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. నాలుగు కప్పుల నీళ్లు మరిగించి, మంట తగ్గించి, మైదా నీళ్లు సన్నగా పోస్తూ తిప్పాలి. మూడు నాలుగు నిమిషాల్లో తెలుపు పోయి నిగనిగలాడుతుంది. దించి ఒక చెంచా ఉప్పు వేయండి. ఎండాకాలంలో ఇది మరుసటి రోజుకే పులుస్తుంది కాబట్టి ఏ రోజుకారోజు కాచుకోవడమే మేలు. గోడమీద పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల జిగురులో ఎంతమాత్రం వద్దు.

కొబ్బరిచిప్పలకు, చెక్కముక్కలకు మైదా ఆగదు. దానికి చింతగింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, ఎండబెట్టి పొడిచేసి నీళ్లలో ఉడికించాలి. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి మక్కు చేసి, చేతులూ కాళ్లూ అతికించేది దీంతోనే. వడ్రంగి దగ్గర రంపపు పొట్టు అడిగి తెచ్చుకుంటే మీరూ చేయొచ్చు.

ఇక గుజ్జు. పాతకాలంలో మన అవ్వలు వెదురు చేటలకూ తట్టలకూ కాగితం, మెంతులు కలిపి రుబ్బిన ముద్ద అలికేవాళ్లు. సందులు మూసుకుపోయేవి, పురుగు కూడా తొందరగా పట్టేది కాదు. మనం చేసేదీ అదే. నాలుగు గుడ్ల అట్టలను వేలెడంత ముక్కలుగా చించి రాత్రంతా వేణ్నీళ్లలో నానబెట్టండి. వేరే గిన్నెలో అరకప్పు మెంతులు నానేయండి. పొద్దున పిల్లలను పిలిచి అట్టలను చేత్తో పిసకమనండి. వాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది, అరగంట వదిలేయండి. మిక్సీలో వేయాలనుకుంటే పాత జార్‌లో, నీళ్లు ఎక్కువ పోసి, పది సెకన్లు తిప్పి ఆపుతూ ఉండాలి, లేదంటే మోటారు కాలుతుంది. రోలు ఉంటే ఇంకా మంచిది.

పాత పంచెముక్కలో వేసి పిండండి. పూర్తిగా పొడిగా పిండొద్దు. రుబ్బిన మెంతులు, ఒక కప్పు మైదా జిగురు వేసి చపాతీ పిండిలా కలపండి. స్టీలు గిన్నెను బోర్లించి, దానిమీద పాల ప్యాకెట్ పరిచి, పైన గుజ్జును అర వేలు మందాన తట్టాలి. అంచు పలచబడితే అక్కడే పగులుతుంది, అంచు దగ్గర కొంచెం మందంగానే ఉంచండి. మొదటి రోజు నీడలో, రెండో రోజు నుంచి ఎండలో. ఏప్రిల్, మే నెలల మన ఎండకు మొదటిరోజే బయట పెడితే పైన ఆరి లోపల తడి మిగిలి బీటలిస్తుంది. మూడు నాలుగు రోజులకు గిన్నె నుంచి ఊడివస్తుంది. సుద్దపొడిలో ఫెవికాల్, నీళ్లు కలిపి రెండు పూతలు వేస్తే రంగు బాగా పడుతుంది. ఇందులో తినే వస్తువులు పెట్టొద్దని, పూలకూ తాళంచెవులకూ మాత్రమే అని పిల్లలకు ఇంటికి పంపేటప్పుడే చెప్పండి.

తుప్పు మేకులతో నల్లరంగు

ఇది నా దృష్టిలో మొత్తం క్లాసులో గొప్ప భాగం. తిరుపతికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీకాళహస్తిలో కలంకారీవాళ్లు, అంటే బట్టమీద కలంతో బొమ్మలు వేసేవాళ్లు, నల్లరంగును తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేస్తారు. కసిమి అంటారు. పాతసామానుతో కళ అంటే మనవాళ్లకు కొత్త ముచ్చటేమీ కాదని పిల్లలకు ఇంతకన్నా బాగా చెప్పలేం.

ఏప్రిల్ మొదట్లోనే ఒక మట్టికుండలో అరకిలో తుప్పు మేకులు, పావుకిలో బెల్లం, నాలుగైదు లీటర్ల నీళ్లు వేసి, మూతికి పలచని బట్ట కట్టి మూలన పెట్టండి. బిగుతుగా మూత పెడితే లోపల గ్యాసు పేరుకుంటుంది. రెండు మూడు వారాల్లో తయారవుతుంది. వాసన మాత్రం భరించాలి. మేకులు వేసేదీ తీసేదీ పెద్దవాళ్లే.

బట్టకు పాత నూలు పంచె కావాలి. టెర్రికాటన్ పనికిరాదు. గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పచ్చిపాలలో పావుగంట నానబెట్టి, పిండి, నీడలో ఆరబెట్టాలి. గేదెపాలైతే మంచిది, అందులోని వెన్న రంగును పక్కలకు పాకనివ్వదు. కలం కోసం వెదురుపుల్ల మొన చెక్కి, కొంచెం పైన గొంగళి ముక్క చుట్టి దారంతో బిగించండి. ఆ గొంగళి రంగును పీల్చి పట్టుకుంటుంది, వేలితో నొక్కితే మొనకు దిగుతుంది.

వడకట్టిన కసిమి చూడటానికి పలచటి గోధుమరంగు నీళ్లే. పిల్లలు మొహం చిట్లిస్తారు. కరక్కాయ పట్టిన బట్టమీద గీత గీయగానే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, నీళ్లలో కరిగిన ఇనుము కలిసి చేసే పని అది. ముందుగా చెప్పేయకండి, చూడనివ్వండి. 'ఇంకోసారి, ఇంకోసారి' అంటూ బట్టంతా గీతలతో నింపేస్తారు. నింపనివ్వండి. మొదటి పూటే నెమలి, హంస గీయించాలని పట్టుపట్టొద్దు.

ఆసక్తి ఉన్న పెద్దపిల్లలను కాళహస్తికి తీసుకెళ్లి అసలు పని చూపించండి. కనుమరుగు కాబోయిన ఆ కళను 1950ల్లో శిక్షణ కేంద్రం పెట్టి నిలబెట్టారు. ఆ తరంలోంచి వచ్చిన జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

క్లాసు నడపడం

చోటు పెద్ద సమస్య కాదు. అపార్ట్‌మెంట్ సెల్లారు, రామాలయం మండపం, బడి వరండా ఏదైనా చాలు. నీళ్ల కొళాయి దగ్గర ఉండాలి, నేల కడగడానికి వీలుండాలి. మునిసిపల్ పార్కులో పెట్టాలంటే ముందే కార్పొరేషన్ అనుమతి అడగండి. కింద పరచడానికి పాత ఫ్లెక్సీలు వాడండి, నాయకుల ముఖాలు కిందివైపుకు వచ్చేలా. పైకి పెడితే ఎవరో ఒకరు ఫోటో తీస్తారు, లేనిపోని టెన్షన్.

ఒక పెద్దమనిషికి పన్నెండుమంది పిల్లలకు మించొద్దు. ఆరేళ్లలోపు వాళ్లయితే ఇంకా తక్కువ. గంటన్నర చాలు. ఫీజుగా ఒక సంచి శుభ్రమైన పాతసామాను అడగండి. డబ్బు పెడితే 'ఇంత ఇచ్చాం, ఏం నేర్చుకున్నాడు' అనే లెక్క మొదలవుతుంది. మైదా, రంగుల ఖర్చుకు ఒక హుండీ పెడితే సరిపోతుంది.

నమూనా చూపించొద్దు. మీరు చేసిన బుట్ట ముందు పెడితే పన్నెండు బుట్టలూ అదే రంగులో వస్తాయి, అలా రానివాడు ఏడుస్తాడు. ఆటతో మొదలుపెట్టండి. సంచిలో టెంక, బాటిల్ మూత, కొబ్బరిపీచు, నూలు కోను వేసి, కళ్లకు గంతలు కట్టి తడిమి చెప్పమనండి. ఏమిటో చెప్పక్కర్లేదు, ఎవరి ముఖంలా ఉందో చెప్పాలి. తాత బట్టతల అంటారు, హెడ్‌మాస్టర్ ముక్కు అంటారు. ఆ ముఖమే తర్వాత బొమ్మ అవుతుంది. ఇంకో ఆట చీటీలతో. ఒక డబ్బాలో 'ఎగిరేది', 'కుట్టేది', 'కొండ ఎక్కేది', 'నిద్రపోనిది' లాంటి చీటీలు వేసి, ఒక్కొక్కరు ఒకటి తీసి, చేతికందిన మూడు వస్తువులతో దాన్ని చేయాలి. కొంచెం అలవాటు పడ్డాక కుర్చీలాట పద్ధతి పెట్టండి. పాట ఆగినప్పుడల్లా ఎవరి బొమ్మ వాళ్లు ఎడమపక్కవాళ్లకు ఇచ్చేయాలి. మొదట్లో గోల చేస్తారు. చివర్లో ఆ బొమ్మ ఎవరిదో ఎవరికీ తెలియదు కాబట్టి పోటీ ఉండదు.

బహుమతులు వద్దు. ఫస్ట్, సెకండ్ పెట్టిన రోజే తల్లిదండ్రులు పిల్లల చేతిలోంచి కత్తెర లాక్కుంటారు. వాళ్లను వెళ్లిపొమ్మనలేం కాబట్టి వాళ్లకు వేరే చాప వేసి పని అప్పజెప్పండి. పాల ప్యాకెట్లను అంగుళం పట్టీలుగా కోసి, మడిచి, చాపలా అల్లడం మంచి పని. ఒకప్పుడు మన ఇళ్లల్లో వైరు బుట్టలు అల్లని అవ్వ లేదు. ఆ ముడులు తెలిసిన అవ్వను కూర్చోబెట్టి నేర్పించమనండి. 'నాకేం తెలుసు నాయనా' అంటుంది. పట్టీ చేతికివ్వండి చాలు.

నెల చివర ఒక సప్పరం

తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వెదురుతో గోపురంలా కట్టిన సప్పరాలు తలకెత్తుకుని తిరగడం పిల్లలు చూసే ఉంటారు. అందరూ కలిసి ఒక చిన్న బొమ్మ సప్పరం కట్టొచ్చు. మొక్కు సప్పరం కాదు, ఆడుకునేదని పెద్దలకు ముందే చెప్పండి. అడుగున పెద్ద బిస్కెట్ పెట్టె, నాలుగు మూలలా నూలు కోన్లు స్తంభాలు, పైన ఒకదానికన్నా ఒకటి చిన్నగా మూడు పెట్టెలు. పాత చేటల వెదురుబద్దలతో బలం ఇవ్వండి. జిగురు వాడొద్దు, రంధ్రాలు పొడిచి పురికొసతో కట్టండి. పీలికల తోరణాలు, మూతల గంటలు వేలాడదీయండి. మొత్తం బరువు కిలో దాటకూడదు, లేదంటే చిన్నపిల్లల మెడ ఆగదు.

దాని చుట్టూ, జాతరలో భక్తులు వేసుకునే వేషాలు. అట్టతో ముఖాలు కోసి, జాతర రంగులే వేయండి. బైరాగికి నామకొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ ఎరుపు, తోటికి బొగ్గు నలుపు, దొరకు గంధం రంగు. నాలుగు రంగుల డబ్బాలు సరిపోయేది ఇందుకే. టెంకల్లో పొడుగు పీచు ఉన్నది బైరాగి గడ్డానికి ఉంచండి. సాయంత్రం వీధి చివరిదాకా ఊరేగింపు, డప్పుకు ఖాళీ నూనెడబ్బాలు.

ఇవి మాత్రం వద్దు

పగిలిన గాజులు, ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలు, సూదులు, మందుల స్ట్రిప్పులు. థర్మాకోల్‌ను వేడి తీగతో కోయడం, ప్లాస్టిక్‌ను కొవ్వొత్తిమీద కరిగించడం వీడియోల్లో చాలా కనిపిస్తాయి. ఆ పొగ పిల్లలు పీల్చకూడదు. బాటిళ్లు కోసేది పెద్దవాళ్లే, కోసిన అంచుకు బట్ట టేపు వేసి ఇవ్వాలి.

క్లాసు అయ్యాక చివరి పావుగంట సర్దుడుకు ఉంచండి, అది కూడా పిల్లలే చేయాలి. రంగు పడని గుజ్జు, కాగితం ముక్కలు తడిచెత్తలోకి. ప్లాస్టిక్, రంగు వేసిన అట్ట పొడిచెత్తలోకి. సప్పరాన్ని వారం తర్వాత పురికొస విప్పి, పెట్టెలు మడిచి, కోన్లు సంచిలో కట్టి, పైన 'దసరా కొలువు' అని రాసి అటకెక్కించండి. కసిమి కుండలో మిగిలిన నీళ్లు పూలకుండీల్లో పోయొద్దు, మేకులు మాత్రం కడిగి ఆరబెట్టుకుంటే వచ్చే వేసవికి పనికొస్తాయి.